జగ్గమ్మ దున్నించిన మోళ్ళు

జగ్గమ్మ గురించి మనవలకి చెప్పేటప్పుడు నేను ఎక్కువ చేసి చెబుతానని మా ఆవిడ ఫిర్యాదు. జగ్గమ్మ గట్టు మీద నిలబడి మొగుణ్ణి పిలిస్తే నాగావళి అవతలి ఒడ్డున మేస్తున్న గేదెలు బెదిరి నీళ్ళలోకి దిగిపోయేవని చెబుతాను. ఒకసారి ఆమె కేక విని, కదలబోతున్న రైలు ఆమదాలవలస స్టేషన్లో ఆగిపోయిందనీ, ఎర్రజెండా ఎవరు ఊపారో తెలియక గార్డు పది నిమిషాలు వెతుక్కున్నాడనీ చెబుతాను. అవన్నీ అబద్ధాలే. అవి లేకపోతే పిల్లలు నిద్రపోరు. ఇప్పుడు రాసేది మాత్రం వాళ్ళని నిద్రపుచ్చడానికి కాదు. ఇందులో ఒక్క దోమ కూడా నేను పుట్టించింది కాదు.

మా ఊరు ఇప్పగెడ్డ. శ్రీకాకుళం బస్సు దిగాక రెండు మైళ్ళు నడవాలి. కొండల మీంచి దిగే వాగుని మా వైపు గెడ్డ అంటారు. ఆ గెడ్డ పక్కనే మా పల్లపు మళ్ళు. ఊరికి ముప్పై ఏడు నాగళ్ళు, ఒక పోస్టాఫీసు. పోస్టాఫీసంటే మా ఇంటి అరుగే, పోస్టుమాస్టర్ని నేనే. విశాఖపట్నంలో కాన్వెంటు తెల్లదొరసానుల చేత బెత్తం దెబ్బలు తిని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి కనక ఊళ్ళోకి ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా చదివి చెప్పే పని నాదే. ఈ సంగతి గుర్తుంచుకోండి. నా సిగ్గు అందులోనే ఉంది.

జగ్గమ్మకి అప్పుడు నలభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. నడుస్తుంటే ఎవరిమీదికో తగువుకి వెళుతున్నట్టే ఉండేది, సగం సార్లు నిజంగా అందుకే వెళుతుండేది. భర్త సోములు. అతను రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది ఎద్దులతోనే. వాళ్ళకున్నది గెడ్డ పక్కన ఎకరంన్నర. అందులో ఏటా రత్నచూడి వడ్లే వేసేవారు. ఆ విత్తనం జగ్గమ్మ అత్తగారి నాటిది. గడ్డితాడు చుట్టి కట్టిన పురిలో దాన్ని దాచి, సంక్రాంతికి ముందే మూతి మూసేసి, మళ్ళీ ఏరువాక దాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఆమె మడికి ఎగువన మూడెకరాలు గణపతిరావువి. గణపతిరావు మా పంచాయతీ ప్రెసిడెంటు. చెడ్డవాడని అనను. కొత్తది ఏది వచ్చినా ముందు తన ఇంటికే రావాలనుకునే మనిషి. ఊళ్ళో మొదటి రేడియో అతనిదే, మొదటి ఆయిలింజనూ అతనిదే. అరవై ఎనిమిదిలో తైచుంగు వడ్లు కూడా మొదట తెచ్చింది అతనే. పొట్టి మొక్క, బోలెడు గింజ. ఇంజను నీళ్ళతో ఎండాకాలంలో పండించి కోశాడు. కోసిన మోళ్ళు ఊరుకోలేదు, పచ్చగా పిలకలు వేశాయి. గణపతిరావు వాటిక్కూడా నీళ్ళు పెట్టించాడు. విత్తకుండా, నాటకుండా రెండోసారి కోసుకునే పంట అన్నమాట. వ్యవసాయాఫీసరు జీపులో వచ్చి ఆ పిలకల మధ్య ప్రెసిడెంటుని నిలబెట్టి ఫొటో తీయించాడు.

ఇంజను నీళ్ళు ఎక్కడుంటే అక్కడే ఆకుమళ్ళు. నారుమడినే మేము ఆకుమడి అంటాం. ఊరంతా ఆ ఏడాది ప్రెసిడెంటు మోళ్ళ పక్కనే ఆకు పోశారు. ఆకు బాగానే లేచింది. నాట్లు అయ్యాయి. శ్రావణం వచ్చేసరికి మళ్ళు రంగు తిరిగాయి. ఆకు కొసల నుంచి పసుపు పట్టి, అది ముదిరి నారింజ తొక్క రంగుకి వచ్చింది. మొక్క మోకాలెత్తు కూడా ఎదగలేదు. గట్టు మీద నిలబడి చూస్తే ఊరి పల్లమంతా ఎవరో కాషాయబట్ట ఆరేసినట్టుండేది.

ఆఫీసరుని పిలిపించారు. ఆయన జీపు దిగకుండానే చూసి, మొక్కకి ఆకలిగా ఉంది, అమోనియా ఎరువు వెయ్యండి అన్నాడు. వేశారు. మళ్ళీ వచ్చి, చాలలేదు, ఇంకా వెయ్యండి అన్నాడు. మళ్ళీ వేశారు. అమోనియా మొక్క కంటే దోమకే బాగా వంటబట్టింది. వడ్లగింజంత పచ్చదోమ, రెక్కల చివర నల్లచుక్క. మళ్ళో కాలు పెడితే పచ్చటి పొగలా లేచేది. గణపతిరావు తెల్లగొడుగు వేసుకుని గట్టెక్కి, దిగేసరికి పచ్చగొడుగుతో దిగాడని నేను చెబుతుంటాను. అది కొంచెం ఎక్కువే, కానీ మరీ ఎక్కువేం కాదు.

ఆ ఏడాది ఊళ్ళో కొడవళ్ళకి పని లేకపోయింది. నాగలి లేని తొమ్మిది కుటుంబాలు ఇళ్ళకి తాళాలు వేసి, కొత్తవలస వైపు రైలు లైను పనికి వెళ్ళిపోయాయి. కొన్ని తాళాలు మళ్ళీ తెరుచుకోలేదు.

జగ్గమ్మ మడిలో మాత్రం ఒక మూల పది సెంట్లు పండింది. అదెలాగో ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. కొందరు ఆమె నోటికి భయపడి పండిందన్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. నాట్లప్పుడు ఆకు తక్కువపడితే కళింగపట్నం దగ్గర పుట్టింటికి వెళ్ళి నాలుగు మోపుల రత్నచూడి ఆకు తెచ్చింది. ఆ మూల నాటింది ఆ ఆకే. మట్టి ఒకటే, నీళ్ళు ఒకటే, అమోనియా ఒకటే. పుట్టింటి ఆకు పండింది, ఇంటి ఆకు ఎర్రబడింది.

“మొక్కకి ఆకలైతే ఆ మూల మొక్కకి ఆకలెయ్యదేటి బాబూ? దానికి ఉపాసమేటి?” అని మా అరుగు మీద కూర్చుని అడిగింది. ఆఫీసరు చెప్పిందే నేనూ చెప్పాను.

ఆ మూల పండిన వడ్లు ఒక బస్తాకి కాస్త పైన వచ్చాయి. సరిగ్గా ఎకరంన్నరకి విత్తనం. ఆ ఏడు వాళ్ళింట్లో చోళ్ళు, అంటే రాగులు, కాచిన చోడంబలే తాగారు. ఒకరోజు సోములు, రోజుకి పది మాటల్లో రెండు ఖర్చుపెట్టి, ఒక్క పూట అన్నం వండమన్నాడట. జగ్గమ్మ వెళ్ళి పురికి వీపు ఆనించి కూర్చుందట. ఆ గింజలు తినేసినా, వేసిన పంట మళ్ళీ ఎర్రబడినా విత్తనముండదు, తిండుండదు, మడి ఉన్నా లేనట్టే. తమ ఇంటికీ తాళమే. ఆ సంగతి సోములికీ తెలుసు. అంబలి తాగి ఎద్దుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంతలో గణపతిరావు మళ్ళీ తైచుంగే వేశాడు. ఇంజను నీళ్ళున్నాయి కనక ఎండాకాలంలో అంతో ఇంతో పండింది. కోశాడు. మోళ్ళు మళ్ళీ పిలకలు వేశాయి. ఈసారి పిలకల్లో సగం నారింజరంగుకి తిరిగినా సగం పచ్చగానే ఉన్నాయని నీళ్ళు ఆపలేదు. వైశాఖం ఎండల్లో పల్లమంతా బీటలు తీసి ఎండిపోయి ఉంటే, పచ్చగా ఉన్నది ఆ మూడెకరాలే. పచ్చదోమ అంతా అక్కడే చేరింది. వేరే ఎక్కడికి పోతుంది?

అప్పుడు జగ్గమ్మ మా ఇంటికొచ్చి నా దోమతెర అడిగింది.

ఊళ్ళో దోమతెర ఉన్నది నాకొక్కడికే. కాన్వెంటు నేర్పిన జబ్బుల్లో అదొకటి. ఎందుకే అంటే, కట్టుకోడానికి కాదులే ఇమ్మంది. నేను ఆలోచిస్తుండగానే మంచం కాళ్ళ దగ్గర ముడులు విప్పేసింది. ఆ నెలంతా నన్ను కుట్టిన దోమలు ఒక్కొక్కటీ పిచ్చుకంత ఉండేవి.

రెండు కుండల్లో ఒకే మట్టి, ఒకే పేడ వేసి, పురిలోంచి చెరో గుప్పెడు గింజ తీసి పోసింది. ఇంటి దగ్గర వేలెడెత్తు ఎదిగాక రెంటినీ తీసుకెళ్ళి ప్రెసిడెంటు మోళ్ళ మధ్య గట్టు మీద పెట్టింది. ఒకదానికి నా దోమతెర ముక్క కట్టింది. ముక్క అని ఎందుకంటున్నానంటే, నా కళ్ళముందే కత్తిపీటతో కోసింది. రోజూ రెండు కుండలకీ ఒకే చెంబుతో నీళ్ళు పోసేది. పద్దెనిమిదో రోజుకి తెర లేని కుండలో ఆకు కొసలు పసుపు తిరిగాయి. తెర ఉన్న కుండలో ఆకు చిలకరెక్కలా ఉంది.

రెండు కుండలూ గంపలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని శ్రీకాకుళం బయల్దేరింది. బస్సులో కండక్టరు కుండలకీ టిక్కెట్టు కొట్టాలన్నాడు. ఆమె గంప ఒళ్ళో పెట్టుకుని, “ఈటికి ప్రాణముందని నువ్వొక్కడివే కనిపెట్టినావు నాయనా. ఆఫీసులో ఏటంటారో సూద్దాం” అంది. టిక్కెట్టు కొట్టలేదు.

ఆఫీసులో పొద్దున్న తొమ్మిదికి కూర్చున్నవాళ్ళం, ఒంటిగంటకి లోపలికి పిలిచారు. ఆఫీసరు కుండల వైపు చూశాడు, ముట్టుకోలేదు. ఎరువు ఎంత వేశారని అడిగాడు. రెంటికీ ఒకటే వేశామని నేను చెప్పాను. తెర నీడలో తేమ ఎక్కువుండి పచ్చగా ఉంటుందన్నాడు. రెంటికీ ఒకే చెంబని జగ్గమ్మ చెప్పింది. కుండలో ఎదిగిందాన్ని బట్టి పొలం సంగతి చెప్పలేమన్నాడు. తర్వాత, ఆమె అర్థం చేసుకోలేకపోతోందనుకున్నాడేమో, గొంతు తగ్గించి మెల్లగా చెప్పాడు.

“చూడమ్మా, కుండల్లో వ్యవసాయం చెయ్యకు. మీ ఊళ్ళోనే గణపతిరావుగారున్నారు. ఆయన్ని చూసి నేర్చుకో.”

“ఆరిని సూసే ఈ కుండలు తెచ్చినాను బాబూ.”

ఆఫీసరు నవ్వాడు. గచ్చు మీద మట్టి పడిందని ప్యూనుని పిలిచి కుండలు బయట పెట్టించాడు.

తిరుగు బస్సులో జగ్గమ్మ రెండు కుండల్లో మట్టి సర్దుతూ కూర్చుంది. ఆమె తిట్టకుండా కూర్చోవడం నేను చూసింది అదే మొదలు. బస్సు దిగి గెడ్డ దాకా వచ్చాక నేను ఇంక ఆగలేక చెప్పేశాను. ఆ చలికాలంలో ఏదో వరి పరిశోధన కేంద్రం నుంచి ప్రెసిడెంటు పేర ఒక ఇంగ్లీషు కాగితం వచ్చింది. చదివి చెప్పింది నేనే. వరి ఎర్రబడే కొత్త జబ్బొకటి వస్తోందనీ, అది ఆకలి కాదనీ, పచ్చదోమ రోగపు మొక్కని పీల్చి వచ్చి మంచి మొక్కని కుడితే అంటుకుంటుందనీ, ఆకు పొయ్యకముందే పాత మోళ్ళు దున్నెయ్యాలనీ, ఎర్రబడిన దుబ్బులు పీకెయ్యాలనీ అందులో ఉంది. గణపతిరావు అంతా విని, సరే, నీ దగ్గరే ఉంచు, జనం కంగారు పడతారన్నాడు. నేను ఉంచాను. స్టాంపుల పెట్టె అడుగున ఉంచాను.

జగ్గమ్మ గంప దించింది.

“ఎప్పుడొచ్చినాది బాబూ ఆ కాయితం?”

“మాఘంలో.”

“మాగంలో వచ్చినాది. నాను వైశాకంలో కుండలెట్టి తెలుసుకున్నాను.” గంపలో కుండల వైపు వేలు చూపించింది. “ఆ రెండు గుప్పిళ్ళ గింజలూ వండుంటే మా మావ ఒక పూట కూడు తినేవోడు.”

ఇంకేమైనా తిట్టుంటే నాకు తేలికగా ఉండేది. తిట్టలేదు. గంప ఎత్తుకుని ముందు నడిచింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాకు నా మీద ఉన్న కోపం ఆ గెడ్డ దగ్గర పుట్టిందే.

ఆ సాయంత్రమే ఆమె గణపతిరావు ఇంటికి వెళ్ళింది. మోళ్ళు దున్నించమని అడిగింది. అతను కుర్చీ వేయించలేదు కానీ కోపగించుకోలేదు కూడా. పిలకలు పొట్ట మీదున్నాయనీ, నెల రోజుల్లో కోత అనీ, ఆఫీసరు మళ్ళీ చూడడానికి వస్తానన్నాడనీ, కోశాక దున్నిస్తాననీ చెప్పాడు. నెల రోజులంటే ఊరంతా ఆకు పోసేస్తారని ఆమె అంది. మొదటి వాన పడ్డాక ఏ రైతునీ ఎవరూ ఆపలేరు. అప్పుడు గణపతిరావు, నీ ఎకరంన్నర కోసం నా మూడెకరాలు దున్నుకోవాలా అని అడిగాడట. జగ్గమ్మ మజ్జిగ కూడా తాగకుండా వచ్చేసింది.

ఏరువాక నాలుగు రోజుల్లో ఉంది.

మా ఊరి ఏరువాకకి ఒక పద్ధతుంది. ఆ రోజు ఊళ్ళో నాగళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి కదిలి ప్రెసిడెంటు పొలంలో ఒక్కో చుట్టు దున్నాలి. ఆ తర్వాతే ఎవరి పొలంలోకి వాళ్ళు. ముందు నడిచే నాగలిని తలనాగలి అంటాం. అది ఏడాదికొక ఇంటి వంతు. తలనాగలి ఎటు వెళితే మిగిలినవి అటే వెళ్ళాలి. ఆ ఇంటి ఇల్లాలు పసుపునీళ్ళ చెంబుతో ఎద్దుల ముందు నడుస్తుంది. ఆ రోజు కదిలిన నాగలికి అడ్డం నిలబడ్డవాడికి మూడేళ్ళు వాన పడదని పెద్దవాళ్ళ మాట. అది ఎంత నిజమో తెలియదు, కానీ అడ్డం నిలబడి చూసినవాడు మాత్రం మా తాతల నాటినుంచీ ఎవడూ లేడు.

ఆ ఏడు తలనాగలి సోములు ఇంటిది.

ఎప్పుడూ తలనాగలి వెళ్ళేది ఊరి మొదట ప్రెసిడెంటుకున్న మెరక పొలంలోకి. గణపతిరావు పట్టుపంచె కట్టుకుని, కొబ్బరికాయ చేత్తో పట్టుకుని, పొద్దున్నే అక్కడ నిలబడ్డాడు. ఎద్దుల కొమ్ములకి రంగులు, మెళ్ళో గంటలు. ముప్పై ఏడు నాగళ్ళూ బారుగా వస్తున్నాయి. అన్నిటికీ ముందు జగ్గమ్మ, చేతిలో చెంబు. మెరక దాకా వచ్చింది. ఆగలేదు. ప్రెసిడెంటు ముందునుంచే, ఆయనకి దణ్ణం పెట్టి మరీ, పల్లం దారి పట్టింది.

సోములు తెల్లబోయాడు. మేడి పట్టుకున్నది అతనే కానీ ఎద్దులకి రోజూ కుడితి పెట్టేది జగ్గమ్మ. అవి ఆమె వెనకే నడిచాయి. తర్వాత ఎవరో అడిగితే, “ఎడ్లు నా మాట ఇంటాయేటి? నానూ దాని మాటే ఇంటాను” అన్నాడు. అతని జీవితంలో అదే పెద్ద ఉపన్యాసం.

తలనాగలి ఎటు వెళితే అటే. వెనకున్న ముప్పై ఆరూ పల్లంలోకి దిగాయి. గణపతిరావుకి సంగతి అర్థమై, పంచె ఎగ్గట్టుకుని అడ్డదారిన పరిగెత్తి, ఎద్దుల కంటే ముందే మోళ్ళ గట్టు మీదికి చేరాడు. కొబ్బరికాయ ఇంకా చేతిలోనే ఉంది.

“ఒసే జగ్గీ, అది పంటే. పొట్ట మీదున్న పంట.”

జగ్గమ్మ ఆగింది. ఎద్దులు ఆగాయి.

“పంటో రోగమో నీకు మాగంలోనే కాయితమొచ్చినాది బాబూ,” అంది, అందరికీ వినబడేలా. “పోస్టుబాబు సదివి సెప్పినాడు. నువ్వు దాసమన్నావు, ఆ బాబు దాసినాడు. ఇక్కడ ముప్పై ఏడు నాగళ్ళున్నాయి. తొమ్మిదిళ్ళకి తాళాలున్నాయి. ఇయాల ఏరువాక. ఆపుతావేటి? ఆపు. ఊరందరి ముందూ నిలబడి ఆపు.”

అందరూ నా వైపు చూశారు. నేను గట్టు మీదే ఉన్నాను. కాగితం జేబులో ఉంది. తీసి పైకెత్తి చూపించాను. అంతకంటే ధైర్యం చేశానని మనవలకి చెబుతాను కానీ చెయ్యలేదు.

గణపతిరావు పక్కకి తప్పుకున్నాడు. సోములు నాగలి మోళ్ళలో దిగింది. ఇంజను నీళ్ళతో తడిసిన మట్టి, నాగలి వెన్నలోకి దిగినట్టు దిగింది. పిలకలు తిరగబడి బురదలోకి పోతుంటే పచ్చదోమ పొగలా లేచింది. ముప్పై ఏడు చుట్లూ అయ్యాయి. పద్ధతి ప్రకారం అక్కడితో సరి. కానీ ముప్పై ఏడు చుట్లకి మూడెకరాల్లో ఒక పక్క మాత్రమే తిరగబడింది. మిగిలిందంతా అలాగే ఉంది, సగం పచ్చగా, సగం ఎర్రగా. నాగళ్ళు ఆగి నిలబడ్డాయి. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. గణపతిరావు ఊపిరి పీల్చుకుని కొబ్బరికాయ కొట్టడానికి రాయి వెతుక్కుంటున్నాడు.

అప్పుడు గంగులు కదిలాడు. గంగులు గణపతిరావు పాలేరు. బారులో ఆఖరి నాగలి అతనిది. నాగలీ ఎద్దులూ ప్రెసిడెంటువే. గంగులికి సొంతంగా అరెకరం ఉండేది, కిందటేడు అదీ ఎర్రబడింది. భార్య నారాయణమ్మ నిండు చూలాలై ఉండి కూడా చోళ్ళు విసిరి పెట్టేది. గంగులు ఎద్దుల తోకలు మెలిపెట్టి రెండో చుట్టు మొదలుపెట్టాడు.

ప్రెసిడెంటు ఎద్దులే ప్రెసిడెంటు పంటని దున్నుతుంటే ఇంక ఆగేదెవరు? ముప్పై ఏడు నాగళ్ళూ మళ్ళీ కదిలాయి. ఎవరూ పాడలేదు, ఎవరూ కేకలు వెయ్యలేదు. ఏరువాక అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ చూడలేదు. గంటలు, నాగళ్ళ చప్పుడు, అంతే. కిందటేడు కొడవలి పట్టని చేతులన్నీ ఆ పొద్దు మేడి పట్టుకున్నాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మూడెకరాల్లో ఒక్క పిలక లేదు.

ఆ సాయంత్రం గణపతిరావు పోలీసు స్టేషనుకి వెళ్ళాడు. అక్కడి రైటరు మొదటి చుట్టు సంగతి అడిగాడు, అది ఏరువాక పద్ధతని తేలింది. రెండో చుట్టు ఎవరు మొదలుపెట్టారని అడిగాడు, గంగులు. ఎవరి పాలేరు? నా పాలేరే. ఎవరి ఎద్దులు? నా ఎద్దులే. రైటరు కలం కింద పెట్టి, మీ ఎద్దుల మీద మీరే కేసు పెడతారా అని అడిగాడట. గణపతిరావు తిరిగొచ్చి గంగుల్ని పనిలోంచి తీసేశాడు. ఆషాఢంలో గంగులు, పసిబిడ్డతో నారాయణమ్మ, కొత్తవలస వెళ్ళిపోయారు. ఊరందరి ఆకూ మిగిల్చినవాడు ఊళ్ళో మిగల్లేదు. అతని అరెకరం సోములు దున్ని, పండింది పండినట్టు పంపేవాడు. గంగులు మాత్రం మళ్ళీ రాలేదు. ఆ మాట వస్తే జగ్గమ్మ ప్రెసిడెంటుని ఎంత తిట్టేదో ఊరందర్నీ అంతే తిట్టేది. ముప్పై ఆరు నాగళ్ళవాళ్ళం ఉండి ఒక్క పాలేరుకి పని ఇవ్వలేకపోయాం.

దున్నిన రోజే జగ్గమ్మ ఇంటింటికీ తిరిగి, పదిహేను రోజులు ఎవరూ ఆకు పొయ్యవద్దని చెప్పింది. పచ్చ లేకపోతే దోమ చస్తుంది, కంగారు పడొద్దంది. నాలుగో రోజే వాన పడింది. చేతిలో విత్తనం, ముందు తడిసిన నేల, రైతు ఊరుకోవాలంటే ఎంత కష్టమో చెప్పలేను. ఎవరైనా గంప ఎత్తితే ఆ గట్టు మీద జగ్గమ్మ ప్రత్యక్షమయ్యేది. పదహారో రోజున ఆమె పురి మూతి తెరిచింది. మోళ్ళకి దూరంగా, మెరక పక్కన అందరూ ఆకు పోశారు. ఆమె ఆకుమడి మీద మాత్రం నా దోమతెరలో మిగిలిన ముక్కలన్నీ కలిపి కుట్టి కప్పింది.

ఊరు మొత్తంలో ఆగనివాడు ఒక్క గణపతిరావే. ఒక ఆడది చెబితే ఆగుతానా అనుకున్నాడో ఏమో, దున్నిన వారానికే అదే మోళ్ళ చోట తైచుంగు ఆకు పోశాడు. చావగా మిగిలిన దోమకి దొరికిన పచ్చ అదొక్కటే. నాట్ల వేళకి ఆ ఆకు అంతా నారింజరంగు.

మా ఊళ్ళో నాట్లప్పుడు ఆకు అడిగితే లేదనకూడదు. శత్రువు అడిగినా ఇవ్వాలి. గణపతిరావు ముందు మనిషిని పంపాడు. ఆయన్నే రమ్మని జగ్గమ్మ కబురు పెట్టింది. రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. నాట్ల రోజుల్లో పోస్టాఫీసుకి ఎవరొస్తారు?

ఆమె మోపులు కడుతూ తలెత్తలేదు.

“ఆకిస్తాను. ముందు ఆ ఎర్రాకు పీకు బాబూ. మనుసుల్ని ఎట్టి కాదు. నీ సేత్తో.”

గణపతిరావు నా వైపు చూశాడు. నేను మోపుల వైపు చూశాను. అతను చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, తన ఆకుమడిలోకి దిగాడు. నడుం వంచి ఒక్కొక్క గుప్పెడే పీకి, బురదలోకి తొక్కాడు. పొద్దు వాలేదాకా పట్టింది. జగ్గమ్మ గట్టు మీద నిలబడి ఒక్క మొక్క మిగిలినా వేలుతో చూపించింది. అయ్యాక మోపులు ఇచ్చింది. అతను ఏదో అనబోయాడు. బహుశా మంచి మాటే అయ్యుండాలి, మొహం అలా ఉంది. ఆమె అననివ్వలేదు.

“నీ మీద జాలితో కాదు. నీ మడి పక్కన నా మడున్నాది.”

ఆ ఏడు ఊరు పండింది. అక్కడక్కడా దుబ్బులు ఎర్రబడితే ఎర్రబడ్డవాటిని పీకేశారు. మార్గశిరంలో జగ్గమ్మ పురి నిండింది. కొత్త బియ్యం వండిన మొదటిరోజు సోములు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడని, ఎద్దులతో కూడా మాట్లాడకుండా నిద్రపోయాడని ఆమే చెప్పింది. ఆఫీసరు జీపులో వచ్చి అమోనియా పనిచేసిందన్నాడు. అప్పుడు జగ్గమ్మ అన్న మాటలు నేను ఇక్కడ రాయలేను. మనవలు చదువుతారు.

ఆ కాగితాన్ని నేను తెలుగులోకి మార్చి పోస్టాఫీసు గోడకి అంటించాను. దోమతెర తిరిగి అడగలేదు. కానీ ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు, నేను రిటైరయ్యేదాకా, టపా సంచీ విప్పే వేళకి జగ్గమ్మ రోజూ వచ్చి అరుగు ముందు నిలబడేది. ఆమెకి ఎక్కడినుంచీ ఉత్తరాలు రావు. అయినా నిలబడేది. నేను ఆఖరి కవరు తీసేదాకా కదిలేది కాదు.

“ఏటొచ్చినాది బాబూ ఇయాల? దాసకుండా సదువు.”